గుండెకు స్టెంటు ఉన్న నాయనకు జీవిత బీమా వెదికిన అనుభవం

అరవై నాలుగేళ్ళ వయసు, పదిహేనేళ్ళ మధుమేహం, గుండె రక్తనాళంలో ఒక స్టెంటు. ఈ మూడూ ఉన్న మనిషికి కొత్తగా జీవిత బీమా దొరుకుతుందా అన్న ప్రశ్న వెంట 2025లో కొన్ని నెలలు తిరిగాను. ఆ మనిషి మా నాయన. ఆయన కోరిన పది లక్షల పాలసీ చివరికి దొరకలేదు. అయితే ఆ పది లక్షలు దేనికి కావాలో కూర్చుని విడదీసి చూసేసరికి అందులో చాలా భాగానికి వేరే దారులు కనిపించాయి, కొంత భాగానికైతే మాకు తెలియకుండానే ఇంట్లో బీమా ఉన్నట్టు తేలింది. ఇదే అవస్థలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని జరిగినది జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

నాయన, అమ్మ చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో ఉంటారు. అక్కడ మాకు కొద్దిపాటి మామిడి తోట ఉంది. చెట్లన్నీ దాదాపు తోతాపురివే. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్లు చూస్తాను. 2023లో నాయనకు గుండెనొప్పి వచ్చినప్పుడు తిరుపతి ఆసుపత్రి స్విమ్స్‌లో ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేశారు కాబట్టి అప్పట్లో చేతి నుంచి పెద్దగా ఖర్చు కాలేదు. ఆ తరువాత ఆయన మామూలుగానే తోటకు వెళ్ళి వస్తున్నారు. అయితే మా పెదనాయన కొడుకు ఒకరు హఠాత్తుగా పోవడం, ఆయన భార్య ప్రతి చిన్న ఖర్చుకూ కొడుకుల వైపు చూడవలసి రావడం నాయన మనసులో నాటుకుపోయింది. కర్మకాండలు ముగిసిన తరువాత నన్ను పిలిచి, "నా పేరున పది లక్షలకు ఇన్సూరెన్సు కట్టేయిరా. నేను పోయినాంక మీ అమ్మ ఎవురి ముందరా చెయ్యి చాపకూడదు" అన్నారు. పది లక్షలే ఎందుకంటే, ఆయనకు ఆ అంకె గుండ్రంగా తోచింది, అంతే.

మొదటి చిక్కు వయసు దగ్గరే వచ్చింది. ఆధార్‌లో నాయన పుట్టిన తేదీ 1963 జనవరి 1 అని ఉంది. మన పల్లెల్లో ఒక తరం మొత్తం జనవరి ఒకటో తేదీనే పుట్టినట్టు ఆధార్ కార్డులు చెబుతాయి; నమోదు చేసేవారికి తేదీ తెలియనప్పుడు సంవత్సరం మాత్రం వేసి వదిలేయడం దీనికి కారణం. పదో తరగతి సర్టిఫికెట్టులో మాత్రం 1961 జూన్ అని ఉంది. ఏడాదిన్నర తేడా చిన్నదిగా కనిపించవచ్చు గాని, బీమాలో వయసును బట్టే ప్రీమియం ఉంటుంది, వయసును బట్టే అసలు తలుపు తెరుచుకుంటుంది. తక్కువ వయసు చూపించే కాగితం చేతిలో ఉంది కదా అని అదే ఇచ్చేస్తే, రేపు క్లెయిము సమయంలో రెండో కాగితం బయటపడుతుంది. అందువల్ల సర్టిఫికెట్టు ప్రకారం ఆధార్‌ను ముందుగా సరిచేయించి, అరవై నాలుగు అనే లెక్కతోనే బయలుదేరాము.

ఆ వయసుకు ఏమేమి మూసుకుపోతాయో తెలుసుకోవడానికి ఎక్కువ సమయం పట్టలేదు. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 436 రూపాయలు మినహాయించుకుని 2 లక్షల బీమా ఇచ్చే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి పథకంలో చేరడానికి 50 ఏళ్ళు దాటకూడదు, చేరినవారికి కూడా 55 వరకే ఉంటుంది. పోస్టాఫీసు వారి గ్రామీణ తపాలా జీవిత బీమాలో చేరే వయసు 55తో ఆగిపోతుంది. గడువు తీరితే డబ్బు చేతికి వచ్చే సాధారణ ఎండోమెంటు పాలసీలు చాలావరకు 55 దగ్గరో, అంతకు ముందో నిలిచిపోతాయి. మిగిలినవి టర్మ్ పాలసీలు, అంటే గడువు లోపల మరణిస్తేనే డబ్బు ఇచ్చేవి. వాటిలో అన్ని కంపెనీలూ ఒకే షరతులతో ఇవ్వవలసిన సరళ్ జీవన్ బీమా అనేది ఒకటి 2021 జనవరి నుంచి ఉంది. 5 లక్షల నుంచి 25 లక్షల వరకు, 65 ఏళ్ళ వయసు వరకు చేరవచ్చు, 70 ఏళ్ళకు ముగిసిపోతుంది, మొదటి 45 రోజులు ప్రమాద మరణానికి మాత్రమే వర్తిస్తుంది. చదువు, వృత్తి, నివాసం ఏదైనా ఇవ్వాలి అన్నది దాని ఉద్దేశం. కాని ఆరోగ్యం ఎలా ఉన్నా ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు. మా నాయనకు అది దొరికినా ఐదారేళ్ళకు మించి ఉండదు.

ఇంటర్నెట్‌లో "వైద్య పరీక్ష అవసరం లేదు" అనే ప్రకటనలు కనిపించినప్పుడు మా చెల్లెలికి ప్రాణం లేచి వచ్చింది. అవి చదివి చూస్తే తెలిసేదేమంటే, పరీక్ష లేదంటే ప్రశ్నలు లేవని కాదు. రక్తం తీయరు గాని, గుండె జబ్బు ఉందా, మధుమేహం ఉందా అని ఫారంలో అడుగుతారు, మన సంతకం కింద మన జవాబు ఉంటుంది. అంటే పరీక్ష మనిషి బతికుండగా కాకుండా, పోయిన తరువాత కాగితాల మీద జరుగుతుంది. ఒక వెబ్‌సైటులో ధరలు పోల్చి చూద్దామని నా ఫోను నెంబరు ఇచ్చినందుకు కొన్ని వారాలు ఎవరెవరో ఫోను చేస్తూనే ఉన్నారు. మా నాయన పాత పాలసీ మీద బోనసు విడుదలైంది, కొంత డబ్బు కడితే వస్తుంది అన్నవారు కూడా వారిలో ఉన్నారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తాను పాలసీలు అమ్మననీ, బోనసులు ప్రకటించననీ ఎప్పటినుంచో చెబుతున్నది ఇటువంటి ఫోన్ల గురించే.

ఆ తరువాత మా ఊరి ఏజెంటు వచ్చారు. ఒక ప్రైవేటు కంపెనీకి పనిచేస్తారు, వరుసకు నాకు మామ అవుతారు. మంచి మనిషే, తనకు కమిషను రావాలన్నదాని కంటే మా పని కావాలన్న ఆరాటమే ఆయనలో ఎక్కువ కనిపించింది. ప్రతిపాదన ఫారం ఇంటి నుంచే నింపుకుని తెచ్చారు. ఆరోగ్యం గురించిన పేజీలో ప్రశ్నలు వరుసగా ఉన్నాయి: గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాలు, గత ఐదేళ్ళలో ఆసుపత్రిలో చేరారా, ప్రస్తుతం ఏవైనా మందులు వాడుతున్నారా. ప్రతి ప్రశ్న ఎదుటా "లేదు" గడిలో పెన్నుతో ఒకే కొలతలో గీసిన టిక్కు ఉంది. ఫారం ఇంగ్లీషులో ఉంది, నాయన సంతకం తెలుగులో చేస్తారు. అటువంటప్పుడు ఫారం చివర ఇంకొక ప్రకటన ఉంటుంది: ఇందులోని విషయాలన్నీ తెలుగులో చదివి వివరించాననీ, ఆయన అర్థం చేసుకున్న తరువాతే సంతకం చేశారనీ నింపిన వ్యక్తి రాసి ఇవ్వాలి. ఆ ప్రకటన కింద మామ సంతకం అప్పటికే ఉంది.

నాయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీని కాసేపు చూసి, "ఇందులో నా స్టెంటు యాడ రాసినావప్పా?" అని అడిగారు.

"అది రాస్తే ఫైలు ముందుకు పోదు బావా. మూడేండ్లు దాటినాంక ఎవురూ ఏమీ అనలేరు, చట్టమే ఉండాది."

"ఆ మూడేండ్లు బతికేది గ్యారంటీ ఐతే నాకు ఈ ఇన్సూరెన్సే వద్దు కదప్పా."

మామ చెప్పిన చట్టం నిజమే. బీమా చట్టం, 1938లోని 45వ సెక్షనును 2015లో సవరించిన తరువాత, పాలసీ మొదలై మూడేళ్ళు నిండితే ఏ కారణం చేతా దాన్ని ప్రశ్నించడానికి కంపెనీకి వీలు లేదు. కాని అదే సెక్షను ఆ మూడేళ్ళ లోపల ఏం చేయవచ్చో కూడా చెబుతుంది. జబ్బు దాచారని తేలితే కంపెనీ క్లెయిమును తిరస్కరించవచ్చు. మోసం ఉద్దేశం లేకుండా తప్పు వివరాలు ఇచ్చినట్టయితే కట్టిన ప్రీమియం 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మోసమని నిర్ణయిస్తే ఆ హామీ కూడా ఉండదు. పాలసీ తీసుకున్న కొద్దికాలానికే వచ్చిన క్లెయిములను కంపెనీలు ప్రత్యేకంగా విచారిస్తాయి, ఆసుపత్రుల రికార్డులు తెప్పిస్తాయి. మా నాయన స్టెంటు సంగతి స్విమ్స్ డిశ్చార్జి సమ్మరీలో ఉంది, ఆరోగ్యశ్రీ రికార్డులో ఉంది, ప్రతి నెలా మందుల దుకాణం ఇచ్చే బిల్లులో ఉంది. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చదివాను. పాలసీ తీసుకున్న కొన్ని వారాలకే ఒక వ్యక్తి మరణించాడు, ఫారంలో పాత జబ్బు రాయలేదని కంపెనీ క్లెయిము తిరస్కరించింది. తెలిసిన జబ్బును చెప్పవలసిన బాధ్యత పాలసీ తీసుకునేవారిదేనని కోర్టు కంపెనీ పక్షాన నిలబడింది. అయితే దిగువ ఫోరం ఆదేశం ప్రకారం డబ్బు అప్పటికే నామినీకి చేరిపోయింది. ఆమె ఆ వ్యక్తి తల్లి, డెబ్బై ఏళ్ళ మనిషి, అతని మీదే ఆధారపడినది. అందుకని ఆ సొమ్ము వెనక్కు తీసుకోవద్దని కూడా కోర్టు అన్నది. కోర్టు దయ మీద ఆధారపడి అమ్మ భవిష్యత్తును ఏర్పాటు చేయడం ఎంతవరకు సబబు అన్న ఆలోచన నాకు అప్పటి నుంచి వదలలేదు.

కొత్త ఫారం తెప్పించి, ఉన్నది ఉన్నట్టు రాశాము. నేనే ప్రపోజరుగా ఉండి నాయన ప్రాణం మీద పాలసీ తీసుకోవచ్చా అని అడిగితే, తండ్రి తన పేరున తానే ప్రతిపాదించాలి, ప్రీమియం మాత్రం కొడుకు కట్టవచ్చు అన్నారు. అప్పుడే ఆదాయం సంగతి వచ్చింది, నిజానికి జబ్బు కంటే పెద్ద గోడ అదే. టర్మ్ బీమా అన్నది మనిషి సంపాదన ఆగిపోతే కుటుంబానికి కలిగే నష్టాన్ని పూడ్చడానికి ఏర్పడింది కాబట్టి, సంపాదన ఎంత ఉందో చూపిస్తే దాన్ని బట్టి ఎంత మొత్తానికి బీమా ఇవ్వవచ్చో కంపెనీ లెక్క వేస్తుంది. మా నాయనకు ఇన్‌కం టాక్స్ రిటర్ను లేదు. పట్టాదారు పాసుపుస్తకం ఉంది, పల్పు ఫ్యాక్టరీకి కాయ తోలినప్పటి తూకం చీటీలు ఉన్నాయి. అది కూడా 2025 సీజను. తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు ఇచ్చే 8 రూపాయలకు తోడు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇస్తానని ప్రకటించవలసి వచ్చిన సంవత్సరం. ఆ చీటీలు పక్కపక్కన పెట్టి కూడితే వచ్చిన మొత్తంలోంచి చెట్లకు కొట్టే మందులు, కూలీ, లారీ బాడుగ తీసేస్తే, పది లక్షల బీమాకు ఆధారంగా చూపడానికి నాకే మొహమాటం వేసింది.

అయినా ఫైలు పంపాము, వైద్య పరీక్షకు పిలుపు వచ్చింది. నాయన పరగడుపున తెల్లవారుజాము బస్సుకు చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చారు. పరీక్షా కేంద్రంలో రక్తం, మూత్రం తీసుకుని, ఈసీజీ తీసి, ఆ తరువాత డాక్టరు దగ్గరకు పంపారు. ఆయన రక్తపోటు ఒకసారి చూసి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూశారు. నాయన తన వెంట తెచ్చుకున్న మందుల సంచి బల్ల మీద పెట్టగానే డాక్టరు మాత్రల అట్టలు ఒక్కొక్కటిగా తిప్పి చూసి పేర్లు రాసుకున్నారు: రక్తం పలచబడేందుకు రెండు, కొలెస్ట్రాలుకు ఒకటి, షుగరుకు రెండు, బీపీకి ఒకటి. ఆ తరువాత నాయన కుడి మణికట్టు పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, నాడి దగ్గర ఉన్న చిన్న మచ్చ మీద బొటనవేలు పెట్టి, "ఇక్కడి నుంచేనా స్టెంటు పంపించింది?" అని అడిగారు. రెండేళ్ళుగా ఆ మచ్చ అక్కడ ఉందన్న సంగతి నేను గమనించనే లేదు. ఫారంలో "లేదు" అని రాసి ఈ గదిలోకి వచ్చి ఉంటే ఆ క్షణం ఎలా ఉండేదో అనిపించింది.

మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.7. షుగరు అదుపులో లేకపోవడం, మూత్రపిండాల మీద దాని ప్రభావం మొదలవడం, దానికి తోడు గుండె జబ్బు: వీటిలో ఏదో ఒకటే ఉంటే కంపెనీ అదనపు ప్రీమియం వేసి ఒప్పుకునే అవకాశం ఉండవచ్చు, మూడూ కలిసినప్పుడు ఆ లెక్క మారిపోతుంది. జవాబు మెయిల్లో ఒక్క వాక్యంగా వచ్చింది, ప్రతిపాదనను అంగీకరించలేకపోతున్నాము అని. ముందుగా కట్టిన డబ్బు తిరిగి ఖాతాలో వేశారు. కారణం అడిగితే వైద్య నివేదికల ఆధారంగా అన్నారు తప్ప అంతకంటే వివరించలేదు.

ఇక్కడ ఒక విషయం ముందుగా తెలిసి ఉండడం మంచిది. దాదాపు ప్రతి ఫారంలో, ఇంతకు మునుపు ఏ కంపెనీ అయినా మీ ప్రతిపాదనను తిరస్కరించిందా, వాయిదా వేసిందా, అదనపు ప్రీమియంతో ఒప్పుకుందా అనే ప్రశ్న ఉంటుంది. ఒకసారి తిరస్కారం జరిగితే ఆ తరువాత వెళ్ళే ప్రతి చోటా అది రాయవలసిందే. అందువల్ల జబ్బు ఉన్న పెద్దవారి విషయంలో ఫారం నింపకముందే రిపోర్టులు మాత్రం పంపించి, తీసుకునే అవకాశం ఉందా అని అనధికారికంగా అడిగించడం మేలు. రెండో కంపెనీని మేము అలాగే అడిగించాము. డిశ్చార్జి సమ్మరీ, ఎకో రిపోర్టు, రక్త పరీక్షలు చూసి, వద్దని నోటిమాటగా చెప్పారు. ఆ దారి అక్కడితో మూసేశాము.

మామ మాత్రం మూయలేదు. ఊరి దగ్గర ఒక ఇంటి స్థలం అమ్మగా వచ్చినవీ, పాత పాలసీ తాలూకువీ కలిపి నాయన దగ్గర ఎనిమిది లక్షల డిపాజిట్టు ఉందని ఆయనకు తెలుసు. "ఒకే తూరి ఎనిమిది లక్షలు కట్టేది బావా, పది లక్షల ఇన్సూరెన్సు" అని సింగిల్ ప్రీమియం పాలసీ ఒకటి చూపించారు. నాయన ముఖంలో వెలుగు కనిపించింది, ఎందుకంటే ఆయన కోరిన అంకె సరిగ్గా అదే. సింగిల్ ప్రీమియం పాలసీల్లో మరణానికి ఇచ్చే మొత్తం కట్టినదానికి 1.25 రెట్లు ఉంటే నిబంధన తీరిపోతుంది. ఎనిమిదికి 1.25 రెట్లు పది. ఆ పదిలో ఎనిమిది మన డబ్బే, బీమా రెండు లక్షలే. ఆ రెండు లక్షల కోసం ఉన్న డబ్బంతా ఏళ్ళ తరబడి కదలకుండా కట్టి ఉంచాలి. పైగా బీమా మొత్తం ప్రీమియానికి పది రెట్లు లేదు కాబట్టి, గడువు తీరాక వచ్చే లాభం మీద పన్ను మినహాయింపు కూడా ఉండదు. ఇంతా చేసి ఆరోగ్యం గురించిన ప్రశ్నలు అందులోనూ ఉన్నాయి. ఒక తెల్లకాగితం మీద ఈ కూడికలు రాసి చూపించిన తరువాత నాయన ఇంక ఆ మాట ఎత్తలేదు. మామ కూడా టీ తాగి, తోట కాపు గురించి మాట్లాడి వెళ్ళిపోయారు.

ఆ తెల్లకాగితం రెండో వైపునే అసలు లెక్క మొదలైంది. పది లక్షలు దేనికి అని నాయనను అడిగితే ఆయన చెప్పినవి: ఇంటి అప్పు, అమ్మకు నెల గడవడం, ఆయన తరువాత జరగవలసిన కార్యాల ఖర్చు. ఇంటి అప్పు 2021లో నాయన, నేను కలిసి తీసుకున్నది. వాయిదా నా జీతంలోంచే పోతుంది. నాయన లేకపోయినా ఆ వాయిదా ఆగదు, నేను లేకపోతే ఆగుతుంది. అప్పు ఇచ్చినప్పుడు బ్యాంకు కట్టించిన బీమా సర్టిఫికెట్టు తీసి చూస్తే అందులో ఉన్నది నా పేరే, అది కూడా అప్పుతో పాటు ఏటా తగ్గిపోయే బీమా. అంటే ఈ అప్పుకు బీమా కావలసినవాణ్ణి నేను. అమ్మకు నెలనెలా కొంత పంపేది కూడా నేనే. ఇంట్లో ఎవరి ఊపిరి మీద ఎవరి అన్నం ఆధారపడి ఉందో చూడకుండా, ఎవరికి జబ్బు ఉందో వారి పేరున బీమా వెదుకుతూ ఉన్నాము. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, ఇప్పటికి ఏ జబ్బూ లేదు. యాభై లక్షల టర్మ్ పాలసీ పెద్ద ఇబ్బంది లేకుండా వచ్చింది. నాయన జబ్బు అక్కడ కూడా అడిగారు, తల్లిదండ్రులకు గుండె జబ్బు, మధుమేహం ఉన్నాయా అని కుటుంబ చరిత్ర కింద, రాశాము. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద ఉన్న 18 శాతం జీఎస్టీ తీసివేశారు కాబట్టి ప్రీమియం నేను అనుకున్నదాని కంటే తగ్గింది.

కార్యాల ఖర్చు సంగతి ట్రంకుపెట్టెలో తేలింది. అప్పు కాగితాల కోసం వెదుకుతుండగా 2005 నాటి ఎల్‌ఐసీ బాండు ఒకటి బయటపడింది. నాయన నలభై నాలుగో ఏట తీసుకున్నది, పదహారేళ్ళ గడువు, 2 లక్షల పాలసీ. 2021లో గడువు తీరి బోనసుతో కలిపి మూడు లక్షల పైచిలుకు వచ్చింది, ఆ డబ్బే డిపాజిట్టులో ఉంది. డబ్బు వచ్చేసింది కాబట్టి పాలసీ అయిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకున్నాము. కాని బాండు మీద పథకం పేరు జీవన్ ఆనంద్ అని ఉంది. ఆ పథకం ప్రత్యేకత ఏమంటే, గడువు తీరగానే మొత్తం చెల్లించిన తరువాత కూడా, ఇంక పైసా కట్టకుండానే, మనిషి బతికున్నంత కాలం అసలు బీమా మొత్తం కొనసాగుతుంది. ఎప్పుడు మరణించినా ఆ మొత్తం నామినీకి మళ్ళీ ఇస్తారు. గడువు తీరినప్పుడు బాండును ఆఫీసు వారు ముద్ర వేసి తిరిగి ఎందుకు ఇచ్చారో అప్పుడు ఎవరమూ ఆలోచించలేదు. బాండు వెనుక పేజీలోని షరతులను నాయనకు తెలుగులో చదివి వినిపిస్తే, ఆయన రెండోసారి చదవమన్నారు. ఆ తరువాత "అంటే స్టెంటు ఉన్నా ఇస్తారా?" అన్నారు. 2005లో ఆయనకు షుగరు కూడా లేదు. ఇరవై ఏళ్ళ కిందటి ఆరోగ్యం మీద కుదిరిన ఒప్పందానికి ఇప్పటి స్టెంటుతో సంబంధం లేదు.

బాండు తీసుకుని ఎల్‌ఐసీ బ్రాంచికి వెళితే పాలసీ అమలులోనే ఉందని రికార్డులో చూసి చెప్పారు. ఒక్క చిక్కు కనిపించింది. నామినీగా అమ్మ ఉన్నారు గాని, బాండులో ఉన్నది ఇంట్లో పిలిచే పేరు, ఇంటిపేరు కూడా పుట్టింటిది. ఆధార్‌లోనూ, బ్యాంకు పుస్తకంలోనూ ఉన్నవి వేరు. నాయన ఉండగానే ఆయన సంతకంతో ఒక ఫారం ఇస్తే సరిపోయే ఈ చిన్న మార్పు, ఆయన పోయిన తరువాత అయితే ఈ ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి అఫిడవిట్లు, సాక్షులు అంటూ అమ్మను ఎక్కడెక్కడ తిప్పేదో. నామినీ మార్పు ఫారం ఇచ్చి కొత్తగా నమోదు చేయించాము. అరవై దాటిన తల్లిదండ్రులకు బీమా వెదికేవారు ఎవరైనా నన్ను అడిగితే, ముందుగా పెట్టెలు, బీరువాలు వెదకమనే చెబుతాను. ఆగిపోయిన పాలసీలు కూడా పనికిరానివి కాకపోవచ్చు. కొన్నేళ్ళు కట్టి వదిలేసిన వాటిలో పెయిడప్ మొత్తం, అంటే కట్టినదాని మేరకు తగ్గించిన బీమా, మిగిలి ఉండవచ్చు.

అమ్మకు నెల గడవడం కోసం ఆ ఎనిమిది లక్షలను ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. ఒకేసారి డబ్బు కడితే జీవితాంతం పింఛను ఇచ్చే జీవిత బీమా కంపెనీల యాన్యుటీ పథకాలకు వైద్య పరీక్ష ఉండదు. మనిషి త్వరగా పోయినా వారికి నష్టం లేదు కాబట్టి ఆరోగ్యం గురించి అడగరు. నాయన ఉన్నంత కాలం ఆయనకు, తరువాత అమ్మకు పూర్తి పింఛను, ఇద్దరి తరువాత అసలు పిల్లలకు వచ్చే పద్ధతి అందులో ఉంది. దాని పక్కన పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకం పెట్టి చూశాము. అక్కడ వడ్డీ 8.2 శాతం, లక్షకు మూడు నెలలకు ఒకసారి 2,050 రూపాయలు. మాకు చూపిన యాన్యుటీ లెక్క అంతకంటే చాలా తక్కువగా ఉంది. యాన్యుటీ జీవితాంతం ఒకే రేటు ఇస్తుంది, ఇది ఐదేళ్ళకే, ఆ తరువాత అప్పటి రేటుకు పొడిగించుకోవాలి. ఆ లోటు తెలిసే దీన్ని ఎంచుకున్నాము, ఎందుకంటే అవసరమైతే కొంత కోత పడినా అసలు వెనక్కు తీసుకోవచ్చు, జబ్బు ఉన్న ఇంట్లో ఆ వెసులుబాటు ముఖ్యం. నాయన పేరున తెరిచి అమ్మను జాయింటుగా చేర్చాము. భర్త ఖాతాలో భార్య చేరడానికి ఆమెకు అరవై నిండి ఉండనక్కరలేదు. మూడు నెలలకు 16,400 రూపాయలు వస్తాయి. ఆ డబ్బు నేరుగా అమ్మ పొదుపు ఖాతాలో పడేట్టు రాసి ఇమ్మని నాయనే అన్నారు.

ప్రమాద బీమాకు జబ్బుతో పని లేదు కాబట్టి, ఏటా 20 రూపాయలకు 2 లక్షలు ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాలో నాయనను, అమ్మను చేర్పించాము. 70 ఏళ్ళ వరకు ఉంటుంది. గుండెపోటు ప్రమాదం కింద రాదని నాయనకు విడిగా చెప్పాను. ఆసుపత్రి ఖర్చుకు బియ్యం కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) ఉంది. డెబ్బై నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా వస్తుంది. ప్రైవేటు ఆరోగ్య బీమాలో చేరడానికి 65 ఏళ్ళ పరిమితి 2024 ఏప్రిల్ నుంచి తొలగిపోయింది గాని, ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకు వేచి ఉండవలసి రావడం, ప్రీమియం చూసిన తరువాత, ఆ డబ్బును నెలనెలా మందులకే విడిగా వేసుకుంటున్నాము.

ఇప్పుడు వీటన్నిటి కాగితాలు ఒకే ఫైలులో ఉన్నాయి. పైన ఒక కాగితం మీద అమ్మ చదువుకునేట్టు పెద్ద అక్షరాలతో ఏది ఎక్కడ ఇవ్వాలో రాశాను: జీవన్ ఆనంద్ బాండు ఏ బ్రాంచికి, పాసుపుస్తకం ఏ పోస్టాఫీసుకు, మరణ ధ్రువీకరణ పత్రం నకళ్ళు ఎన్ని తీయించాలి. నా టర్మ్ పాలసీ బాండు నకలు కూడా అందులోనే పెట్టి, నామినీ నా భార్య అని, అమ్మకు చేరవలసిన భాగం ఎంతో ఆమెతో మాట్లాడుకున్నదీ రాశాను. ఎల్‌ఐసీ నుంచి నామినీ మార్పు నమోదైనట్టు కాగితం వచ్చింది. బ్యాంకు అప్పు బీమాలో ఇప్పటికి ఎంత మొత్తం మిగిలి ఉందో తెలిపే పట్టిక అడిగాను, అది ఇంకా రావలసి ఉంది.